ధైర్యము ముందా, అడుగు ముందా

ఇల్లు విడిచి ఒంటరిగా వీధిలోనికి పోజాలని మనుష్యుడొకడు ఇంట నున్నచో, అతనిని చుట్టుకొనియున్న పెద్దలును, బంధువులును, చదువుకొన్న మిత్రులును, అప్పుడప్పుడు వైద్యులును గూడ ఏకకంఠముగా చెప్పు మాట యొకటి కలదు. పాపము, బెదిరియున్నాడు, కొన్నాళ్ళు ఇంటిపట్టున విశ్రాంతి తీసికొననిండు, బయటికి పోవలసివచ్చినప్పుడు ఎవరో యొకరు తోడు పొండు, ధైర్యము చిక్కిన నాడు తానే పోవును. ఈ మాటలో కఠినమైన దొక్కటియు లేదు. ఇందు దయ కలదు, ఓర్పు కలదు, కుటుంబమర్యాద కలదు. అందుచేతనే దీనిని ఖండించుట కష్టము; క్రౌర్యమును ఖండించువానికి లోకము బాసట యగును గాని, దయను ఖండించువానిని లోకము క్రూరుడనియే తలచును. అయినను నేను చేయబూనినది ఆ పనియే. ఈ దయాపూర్వకమైన అభిప్రాయము వ్యాధిస్వరూపమును తప్పుగా గ్రహించినదనియు, అందలి కార్యకారణక్రమమును తలక్రిందులు చేసినదనియు, రోగికి పథ్యమని తలచి రోగమునకు భోజనము పెట్టుచున్నదనియు నా వాదము.

పొరపాటు పేరులోనే మొదలైనది. 1871వ సంవత్సరమున బెర్లిను నగరమందలి మానసవైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ తనయొద్దకు వచ్చిన మువ్వురు పురుషుల అవస్థను వర్ణించుచు దానికి అగోరాఫోబియా యని నామకరణము చేసెను. అగోరా యనగా ప్రాచీన గ్రీకు పట్టణములలో సంత జరుగుచోటు, జనులు సభదీరుచోటు. సంతభయమని మనము తెనిగించుకొనిన అక్షరార్థము సరిపోవును గాని, సంతకు పోనక్కఱలేని దినమున గూడ ఈ రోగి సుఖముగా నుండడు గనుక ఆ మాటయు నిలువదు. మన పత్రికలు దీనిని బహిరంగప్రదేశభీతి యని వ్రాసి, పేరు తెలిసినంతనే విషయము తెలిసినదని తృప్తిపడుచున్నవి. వెస్ట్‌ఫాల్ వర్ణించిన రోగులు డోన్‌హాఫ్ చౌకము వంటి విశాలమైన స్థలములను ఒంటరిగా దాటలేకపోయిన మాట నిజమే. కాని పక్కన మనిషి యొకడు నడచుచున్నచో వారే దాటిరి. ముందు బండి యొకటి పోవుచున్నచో దాని వెంబడి దాటిరి. చేత కఱ్ఱ యున్నను, కొంచెము మద్యము కడుపులో పడినను కొంత ఊరట పొందిరి. కఱ్ఱ చేతబట్టినంత మాత్రమున చౌకము వైశాల్యము తగ్గునా? బండి ముందు పోయినంతనే ఆరుబయలు గది యగునా? అంతకు ముందటి యేడే వియన్నా వైద్యుడు బెనెడిక్ట్ దీనిని ఒకవిధమైన తలతిరుగుడుగా భావించెను; వెస్ట్‌ఫాల్ దానిని త్రోసిపుచ్చి, ఇది భయమేకాని భ్రమణము కాదని సరిగనే చెప్పెను. అయితే భయము దేనివలన నను ప్రశ్నకు ఆయన పెట్టిన పేరు ఆయన సాక్ష్యమునకే విరుద్ధముగా జవాబిచ్చుచున్నది.

1878లో పారిసు వైద్యుడు లెగ్రాన్ దు సోల్ ఈ భయము దేవాలయములలోను, నాటకశాలలలోను, వంతెనలమీదను, జనులను క్రుక్కుకొని పోవు బండ్లలోను గూడ కలుగునని గమనించెను. నేడు మనదేశమున ఈ వ్యాధి కలవారి నడిగి చూడుడు. ఒకనికి గోదావరి వంతెనమీద రైలాగిన క్షణము ప్రాణాంతకము. మఱొకనికి తిరుమలలో తలుపులు వేసిన క్యూ గదియందు కూర్చుండుట. ఇంకొకనికి పెండ్లిపందిటిలో ముందువరుస కుర్చీ. వేఱొకనికి క్షౌరశాలలో మెడచుట్టును గుడ్డ కట్టి, సగము గడ్డము గీసి, మంగలి కత్తికి పదును పెట్టుకొనుచున్న ఆ రెండు నిముషములు. నది నడుమ వంతెన యెక్కడ, క్షౌరశాల కుర్చీ యెక్కడ! వీనికి సామాన్యధర్మము వైశాల్యము కాదు, జనసమ్మర్దమును కాదు. ఇచ్చట నాకేమైన ఐనచో లేచిపోవుటకు వీలులేదు, ఆదుకొను దిక్కులేదు అను తలంపొక్కటియే వీనియన్నింటిని కట్టిపడవేసిన దారము. 2013లో అమెరికా మానసవైద్యసంఘము ప్రకటించిన రోగనిర్ణయగ్రంథము గూడ ప్రయాణసాధనములు, ఆరుబయళ్ళు, మూసిన స్థలములు, వరుసలు లేక గుంపులు, ఒంటరిగా ఇంటి వెలుపల నుండుట అను అయిదింట రెండయినను భయకారణములై, ఆ భయము ఇంచుమించు ఆఱుమాసములు నిలిచినగాని ఈ పేరు పెట్టరాదని చెప్పి, ఇదే తలంపును లక్షణములో చేర్చినది. అంతకు చాలకాలము ముందే, 1895లో, ఫ్రాయిడు ఈ రోగులు వీధికి గాక వీధిలో తమకు రాగల భయావేశమునకు భయపడుచున్నారని సూచించియుండెను. కనుక బయటి ప్రపంచము వీరికి శత్రువు కాదు. తన దేహము తనకు చేయగల ద్రోహమును గూర్చి భయపడువాడు వీడు. ఆ దేహము ఇంటిలోను వీని వెంటనే యుండును. శత్రువు బయట నున్నాడని తలచి తలుపు మూసినవారు, శత్రువును లోపలనే పెట్టి గడియ వేసినవారైరి.

విషయము ఊహకు అందుటకై తెనాలినుండి గుంటూరునకు ప్రతిదినము పాసింజరు బండిలో పోయివచ్చు గుమాస్తా నొకనిని కల్పించుకొందము. ముప్పదియేండ్లవాడు, పిరికివాడని యెన్నడును పేరుపడినవాడు కాడు. ఒకనాటి రాత్రి నిద్ర చాలలేదు. ఉదయము ఖాళీకడుపున కాఫీ మాత్రము త్రాగి బండి యెక్కెను. పెట్టె క్రిక్కిరిసియున్నది, ద్వారము దూరము. సంగం జాగర్లమూడి దాటిన పిమ్మట అతని గుండె ఒక్కపెట్టున దడదడ కొట్టుకొనసాగెను. ఊపిరి చాలదనిపించినది, చాలదనిపించుటచేత మఱింత వేగముగా పీల్చెను, వేగముగా పీల్చుటచేత నెత్తురులోని కార్బన్ డయాక్సైడు తగ్గి, వ్రేళ్ళును పెదవులును తిమ్మిరెక్కి, తల తేలిపోయినట్లయ్యెను. ముచ్చెమటలు పట్టినవి. చనిపోవుచున్నాననియో, మతి తప్పుచున్నదనియో, అందఱి నడుమ కూలిపోవుచున్నాననియో అతనికి నిశ్చయము కలిగెను. ఇంతలో వేజెండ్ల వచ్చినది. జనులను త్రోసికొని దిగిపోయెను. ప్లాట్‌ఫారముమీద రాతిబల్లపై కూర్చున్న అయిదు పది నిముషములలో అంతయు సద్దుమణగెను.

ఏమి జరిగినది? పులి యెదురుపడినప్పుడు పరుగెత్తుటకో కలియబడుటకో దేహము చేసికొను సన్నాహమే పులి లేకుండ జరిగినది. మంచెమీది కాపరి రాత్రివేళ పిల్లిని చూచి పులి యని కేక వేసినచో ఊరంతయు బరిసెలతో పరుగెత్తివచ్చును; కేక నిజము, బరిసెలు నిజము, పరుగు నిజము, పులి మాత్రమే లేదు. కూలిపోవుదునను భయము గూడ ఇట్టిదే. స్పృహ తప్పుటకు సాధారణముగా రక్తపోటు పడిపోవలెను, భయావేశమున అది పెరుగునే కాని పడదు. ఈ ఆవేశము నిముషములలో శిఖరమునకెక్కి, ఎక్కినంత నిశ్చయముగా దిగుటకు మొదలిడును. అతడు బండిలోనే యున్నను గుంటూరు చేరునప్పటికి తగ్గుదారి పట్టియుండెడిది. కాని అతడు దిగిపోయెను గనుక, దిగుటవలననే బ్రతికితినని నమ్మెను. వ్యాధి జన్మించిన స్థలము సంగం జాగర్లమూడి కాదు, వేజెండ్ల ప్లాట్‌ఫారము. భయము కలుగుట రోగము కాదు, అది యెవనికైనను ఎన్నడో యొకనాడు కలుగవచ్చును. పారిపోవుటవలన ప్రాణము దక్కినదను అబద్ధమైన లెక్క మనస్సులో స్థిరపడుటయే రోగము.

మరునాడు ఇతడు వైద్యునియొద్దకు పోవును. ఈసీజీ తీయుదురు, అది చక్కగా నుండును. నీకేమియు లేదు పొమ్మందురు. ఈ మూడు మాటలవలన జరిగిన అపకారమింతయని చెప్పజాలను. చచ్చి బ్రతికినవానితో ఏమియు లేదనుటకన్న, నీకున్నదేమో ఇది, దీనిపేరు ఇది, ఇది గుండెజబ్బు కాదు గాని యుత్తదియు కాదు అని చెప్పుటకు పట్టు కాలము మఱి రెండు నిముషములే గదా! థైరాయిడు, రక్తహీనత, లోచెవి దోషము మొదలైనవానిని పరీక్షించి త్రోసివేయుట వైద్యుని విధియే. కాని త్రోసివేసిన పిమ్మట మిగిలినదానికి శూన్యమని పేరు పెట్టుట విధి కాదు.

ఇక విశ్రాంతివాదమును పరీక్షింతము. మన గుమాస్తా మొదట బండి మాని బస్సు పట్టెను. అందును ద్వారముప్రక్కనున్న కూర్చుండుచోటు దొరికిననే యెక్కెను. తరువాత బస్సును మానెను. సెలవు పెట్టెను. కొన్నాళ్ళకు మార్కెట్టునకు పోవుట మానెను, ఆపై వీధిమూల కిళ్ళీకొట్టువఱకును పోవుట మానెను. తుదకు అరుగుమీద కూర్చున్నను ఎవరైన పలుకరింతురేమోయని లోపలికి వచ్చెను. విశ్రాంతి తీసికొన్న ప్రతి దినమును ఈ విధముగా ఒక్కొక్క గజము నేల అతని యేలుబడినుండి జారిపోయినది. విఱిగిన కాలికి విశ్రాంతి యిచ్చిన ఎముక అతుకును. ఆ ఉపమానమునే మనవారు మనస్సునకు తగిలించిరి. కాని ఇచ్చట విఱిగినదేదియు లేదు. నేర్చుకొన్న అబద్ధ మొకటి యున్నది. అబద్ధమునకు విశ్రాంతి యిచ్చిన అది అతుకుకొనదు, వేళ్ళూనును. పోలేదు గనుక బ్రతికితిని అని అతడు ప్రతి సాయంకాలమును తనకు తెలియకయే మఱొకసారి వల్లించుకొనుచున్నాడు. ఇంటిపట్టున నుండుట చికిత్సను వాయిదావేయుట యని కొందఱు అనుకొనుచున్నారు. అది వాయిదా కాదు, ఎదురు దిక్కున జరుగుచున్న శిక్షణ.

తోడు సంగతి ఇంకను సున్నితము. అమ్మ గుడికి పోలేకున్నది, పెద్దకూతురు వెంటబోవును. బజారునకు పోలేకున్నది, పెద్దకూతురే. ఆసుపత్రికి, బ్యాంకునకు, పేరంటమునకు, అన్నిటికిని పెద్దకూతురే. ఆ పిల్ల కాలేజీకి ఆలస్యముగా పోవును, స్నేహితురాండ్రతో విహారమునకు పోదు, పొరుగూరి సంబంధము వచ్చిన ఇంటిలో అందఱును మౌనముగా నుందురు. ఎవరును ఎవరిని బలవంతపెట్టలేదు, అంతయు ప్రేమ. బెర్లిను రోగి చేతికఱ్ఱకును ఈ పిల్లకును భేద మొక్కటియే, కఱ్ఱకు వయస్సు మీఱదు. తోడుతో పోయివచ్చిన తల్లి నేను పోగలిగితిని అనుకొనదు, పిల్ల యుండబట్టి పోగలిగితిని అనుకొనును. సాహసమామెది, కీర్తి తోడుది. జేబులోని మాత్రల పట్టీకిని, సంచిలోని నీళ్ళసీసాకును, క్షణక్షణమును చూచుకొను సెల్‌ఫోనునకును ఇదే న్యాయము చెల్లును. ఆంగ్లదేశపు మనోవైజ్ఞానికుడు పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో ఈ రక్షాచేష్టలే భయమునకు కాపుగాయుచున్నవని విశదీకరించెను. అతని వ్యాసము చదువకపోయినను, పది సంవత్సరములనుండి తాయెత్తు కట్టుకొన్నవానిని దానిని విప్పి సంతకు పొమ్మని చూచినచో ఈ సత్యము బోధపడును. అట్లని నేడే పిల్లను తల్లివద్దనుండి లాగివేయుమని నేను చెప్పుట లేదు. మొదట ప్రక్కన నడచిన పిల్ల తరువాత పది అడుగులు వెనుక నడువవచ్చును, ఆపై వీధిచివర నిలువవచ్చును, ఆపై ఇంటనే యుండి తల్లి వచ్చువఱకు చదువుకొనవచ్చును. తోడు సన్నగిల్లునట్టి తోడైనచో మందు. నిత్యమైనచో రోగములో భాగము.

తల్లి యని ఊరక యనలేదు. వెస్ట్‌ఫాలు చూచినవారు పురుషులే యైనను, ఈ వ్యాధి పురుషులకన్న స్త్రీలయందు సుమారు రెండింతలుగా కనబడుచున్నదని నేటి లెక్క. ఇచ్చటనే మన దేశాచారము ఈ వ్యాధికి చేసిన గొప్ప యుపకారమొకటి కలదు: దానికి సుగుణమని పేరు పెట్టుట. గడప దాటని ఇల్లాలు, గుట్టు తెలిసిన కోడలు, పొరుగింటి ముఖమెఱుగని సాధ్వి! మగవాడు ఉద్యోగమునకు పోలేనినాడు మొదటి తేదీన జీతము రాదు గనుక ఇంటివారు మేల్కొందురు. ఆడుది బజారునకు పోలేనినాడు ఇంటివారు మెచ్చుకొందురు. ఇరువదియేండ్లు ఆమె అన్న యింటికి పోలేదు, తల్లి చావునకు పోలేదు, కడుపునొప్పి వచ్చిన వైద్యునియొద్దకు పోలేదు. ఆమెకు ఇల్లే కైలాసమని అందఱు చెప్పుకొనిరి. ఆమెను మాత్రము ఎవరును అడుగలేదు. పోగలిగియు పోకుండుట వేఱు, పోవలెనని గుండె కొట్టుకొనుచు పోలేకుండుట వేఱు. వెలుపలనుండి చూచువానికి రెండును ఒకే మూసిన తలుపు. నేడీ సౌకర్యము మగవారికిని సంక్రమించుచున్నది. కూరగాయలనుండి మందులవఱకు సమస్తమును ఫోను నొక్కినంతనే గుమ్మమునకు వచ్చుచుండగా, ఉద్యోగము గూడ గదిలో గణకయంత్రము ముందు జరుగుచుండగా, మన గుమాస్తా మూడేండ్లు ఇల్లు కదలకపోయినను ఆయనకు రోగమని ఆయనకే తెలియకపోవచ్చును.

దయావాదులు ఇట్లుండగా, జ్ఞానవాదులు మఱికొందఱున్నారు. భయపడవలసిన దేమియు లేదని నచ్చజెప్పుడు, అంతటితో సరి, అని వీరి మతము. వీరికి మన వేదాంతులు ఇచ్చిన రజ్జుసర్పదృష్టాంతము గొప్ప యండ: త్రాడని తెలిసినంతనే పాము భయము పోవును గదా! వేదాంతమున ఆ దృష్టాంతము ఎంత సొగసైనదో, ఈ రోగివిషయమున అంత మోసకరమైనది. ఇతనికి త్రాడని తెలియును. బండిలో ఎవరును చావరని తెలియును. ఈసీజీ చక్కగా నున్నదని తెలియును. తన భయము హాస్యాస్పదమని మనకన్న ముందు తానే నవ్వుకొనును. తెలిసియును కాలు కదలదు. ఏలయన భయము నేర్చుకొన్నది బుద్ధి కాదు, దేహము. దేహమునకు మాటలతో చెప్పిన వినబడదు, చేసి చూపవలెను. ఒడ్డున కూర్చుండి ఈతను గూర్చి ఎంత విన్నను ఈత రాదు.

పిరికితనము, వేషము, పనిదొంగతనము అని గద్దించువారినిగూర్చి ఎక్కువ వ్రాయను. వారును దయావాదులును ఒకే చెట్టు కొమ్మలు; ధైర్యము ముందు రావలెను, అడుగు తరువాత పడవలెను అని ఇరువురి నమ్మకము. ఒకరు ధైర్యము కొఱకు వేచియుందురు, ఇంకొకరు తిట్టి తెప్పింతురు. ఇక చేయిపట్టి లాగి క్రిక్కిరిసిన బస్సులో త్రోసి, భయము తీర్చితిమని మీసము దువ్వువారు కలరు. ఆ బస్సునుండి రోగి మొదటి స్టాపులోనే దూకిపోయినచో, మఱొక పలాయనము, మఱొక అబద్ధపు లెక్క, ఈసారి తనవారియందు అవిశ్వాసము గూడ. చికిత్సయందు గూడ బస్సెక్కవలెను. కాని ఎక్కువాడు తానే కావలెను, ఎప్పుడు ఎక్కునో తనకు తెలిసియుండవలెను.

అడుగే ముందు, ధైర్యము తరువాత. ఇది నా సొంత కల్పన కాదు. వేఱ్వేఱు మతములవారు వేఱ్వేఱు దారుల వచ్చి చేరిన చోటు. మాటలతోనే మనస్సును శోధించిన ఫ్రాయిడు, 1918లో బుడాపెస్టున చేసిన ప్రసంగములో, ఈ రోగులు తమంత తాము వీధిలోనికి పోయి భయముతో పెనగులాడునట్లు చేసినగాని విశ్లేషణ ఫలింపదని ఒప్పుకొనెను. ఆయన నోట ఈ మాట వచ్చుట చిన్న విషయము కాదు. దక్షిణాఫ్రికావైద్యుడు జోసెఫ్ వోల్పె 1958లో ప్రకటించిన పద్ధతిలో, రోగి ముందు దేహమును సడలించి ప్రశాంతుడై, పిమ్మట భయహేతువులను మెల్లమెల్లగా ఊహించుకొనవలెను. ఇందును ప్రశాంతతయే ముందు. లండనులో ఐజాక్ మార్క్స్ మొదలగువారు పరిశోధించి చూడగా, ఊహించుటకన్న వీధిలోనికి పోవుటయే బలీయమనియు, ముందుగా ప్రశాంతత లేకున్నను ఫలము కలుగుననియు తేలినది. న్యూయార్కులో డొనాల్డ్ క్లైన్ 1960 ప్రాంతమున ఇమిప్రమీను అను మందిచ్చి చూచెను. భయావేశములు నిలిచిపోయినవి, రోగులు మాత్రము గడప దాటలేదు. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము నాకు కనబడదు: ఆవేశము పోయినను అడుగు పడలేదు, పోయి చూచుకొమ్మని వారిని మరల పురికొల్పవలసివచ్చినది.

వీరందఱిలో నాకు ఆప్తురాలిగా తోచునది ఆస్ట్రేలియా వైద్యురాలు క్లేర్ వీక్స్. యౌవనమున తాను గుండెదడచే బాధపడి, క్షయ యని పొరపాటు నిర్ణయముచే మఱింత కృశించి, తుదకు మొదటి ప్రపంచయుద్ధమున పోరాడివచ్చిన మిత్రుడొకడు, అది భయముతో కొట్టుకొను గుండె, మేమందఱము కందకములలో ఎఱిగినదే, అన్న మాటతో తెప్పరిల్లినది. 1962లో ఆమె వ్రాసిన పుస్తకములో భయమును రెండుగా విడదీసినది. గుండె ఝల్లుమనుట మొదటి భయము. అయ్యో ఝల్లుమన్నదే యని దానికి బెదరుట రెండవ భయము. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానిని చేర్చకున్నచో మొదటిది దానంతట చల్లబడును. ఎదుర్కొనుము, ఒప్పుకొనుము, నీటిమీద తేలినట్లు పొమ్ము, కాలమును గడవనిమ్ము అని ఆమె ఉపదేశసారము. భయమును అణచుమని గాని జయింపుమని గాని లేదు, చూడుడు.

మన గుమాస్తాకు నేటి చికిత్సకుడు చేయునది ఇదియే, కాగితముమీద లెక్క వేసి. తెనాలి స్టేషనులో టిక్కెట్టు లేకుండ అరగంట కూర్చుండుట మొదటిమెట్టు. అంగలకుదురువఱకు పోయి తిరిగివచ్చుట తరువాతిది. ఆపై సంగం జాగర్లమూడి, ఆపై వేజెండ్ల, అచ్చట దిగక ముందునకు పోవుట, తుదకు గుంటూరు. ప్రతిమెట్టునకు ముందు ఏమి జరుగునని భయపడుచున్నావో వ్రాయించును, గుండె ఆగుననియో, కూలిపోవుదుననియో. తిరిగివచ్చినపిమ్మట ఏమి జరిగినదో దాని ప్రక్కనే వ్రాయించును. కొందఱిచేత గదిలోనే కావలెనని వేగముగా ఊపిరి పీల్పించి, కుర్చీలో గిరగిర త్రిప్పించి, ఆ తిమ్మిరిని, ఆ తలతిరుగుడును తెచ్చిచూపి, ఇంతయేనా యనిపించును. ఒక్కసారి పోయివచ్చుట చాలదు. వారమునకు పలుమార్లు, తగినంత సేపు, ఎండలోను వానలోను, ఖాళీ పెట్టెలోను నిండు పెట్టెలోను పోవలెను. భయము శూన్యమైనదా యని కొలుచుకొనుట గూడ పూర్వకాలపు అలవాటు. భయమున్నను తాను పోయి రాగలుగుచున్నాడా యనునదే నేటి కొలత. పాత భయము చెఱిగిపోదనియు, దానిప్రక్క క్రొత్త అనుభవ మొకటి చేరి దానిని మించిపోవుననియు నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. కనుక ఎప్పుడో, ఒక జ్వరము పడి లేచిన దినమున, వేజెండ్లలో గుండె మరల ఝల్లుమనవచ్చును. అది చికిత్స విఫలమైన గుఱుతు కాదు.

మందులకు నేను విరోధిని కాను. సెరొటొనిన్ మార్గమున పనిచేయు మందులు వైద్యుని పర్యవేక్షణలో మాసములకొలది వాడినచో పలువురికి మేలు చేయుచున్నవి. అడుగు వేయుటకు కావలసిన తెఱపి నిచ్చుచున్నవి. నా పేచీ అల్ప్రజోలాము వంటి తక్షణశాంతికారకములతో. అవి అలవాటై పట్టుకొనుట యొక దోషము. అంతకుమించి, అవి జేబులోని చేతికఱ్ఱలు. 1993లో ప్రకటింపబడిన లండను, టొరాంటో నగరముల పరిశోధనలో, అల్ప్రజోలామువలన కలిగిన మేలు అది మానగనే జారిపోయినది. బయటకు పోయి భయము నెదుర్కొనుటవలన కలిగిన మేలు నిలిచినది. ముప్పదియేండ్లు దాటిన ఈ వార్త మన మందుల దుకాణములకు ఇంకను చేరలేదనిపించును.

చికిత్సకుల కొఱత నిజమే. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో సాధారణ మానసికవ్యాధులు కలవారిలో నూటికి 85 మందికి చికిత్స అందుట లేదని తేలినది. మన తెలుగురాష్ట్రములు రెండును ఆ పండ్రెండింటిలో లేవు, ఇచ్చట స్థితి మెఱుగని తలచుటకు నాకు ఆధారము కనబడదు. పిచ్చాసుపత్రి యున్నదని ఎఱ్ఱగడ్డ యను ఊరిపేరునే తిట్టుగా చేసికొన్న జాతికి మానసవైద్యుని గుమ్మము గూడ గడపయే. ఐతే 2022 అక్టోబరునుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్ళు ఉచితముగా, తెలుగుననే, మాటాడువారు దొరకుచున్నారు. ఇల్లు కదలలేనివాడు ఇంటనుండియే మొదలిడవచ్చును. మొదలిడుటకే సుమా, అచ్చటనే యుండుటకు కాదు.

ఇంటివారికి చెప్పవలసినది ఒకటి మిగిలినది. సాయంకాలము గుమాస్తా ఇంటికి వచ్చినంతనే తండ్రియు భార్యయు ఎదురువచ్చి, ఇవాళ భయము వేసినదా, ఎంత వేసినది, ఇప్పుడు ఎట్లున్నది, అని అడుగుదురు. అడుగుట ప్రేమయే. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకై అతడు దినమెల్ల తన గుండెమీద చేయి పెట్టుకొని కూర్చుండవలసియుండును. మంచినీళ్ళిచ్చి, ఇవాళ ఎంతదూరము పోయివచ్చితివి, అని అడిగి చూడుడు. వేజెండ్ల దాక అని చెప్పును. చెప్పి, కాళ్ళు కడుగుకొనుటకు పెరటిలోనికి పోవును.